సత్యభామకి మతి పోయిందన్నారు

ఆపరేషన్ గది తలుపు దగ్గర సత్యభామ ఒక మాట చెప్పబోయింది. చెప్పనివ్వలేదు. తర్వాత జరిగినదంతా తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ముందు ఒళ్ళు మండేది అక్కడే.

ఆవిడకి డెబ్బై దగ్గర పడ్డాయి. ఒడిశాలోని బరంపురంలో, గేట్ బజార్ వెనక సందులో సొంత ఇల్లు. భర్త పోయాక ఇంటి వెనక గదిలో అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టింది. తర్వాత వడియాలు, ఊరగాయలు కూడా చేర్చి, చుట్టుపక్కల ఆడవాళ్ళు కొంతమందికి పని చూపించింది. కొడుకు ఫణిభూషణ్ ఆ సరుకుని షాపులకి వేసేవాడు. ‘సత్యభామగారి అప్పడాలు’ అని పేరు పెట్టి అడిగి కొనుక్కునేవాళ్ళు బజార్లో చాలామందే ఉన్నారు. పిండిలో ఇంగువ ఎంత, ఆవకాయలో ఉప్పెంత అన్నది ఆవిడ చెయ్యి చెప్పాల్సిందే.

ఎండాకాలంలో ఒక ఉదయం ఆ గదిలోనే, నూనె ఒలికిన గచ్చు మీద కాలు జారింది. తుంటి విరిగింది. ఫణిభూషణ్ ఆటోలు కుదరవని అంబులెన్స్ పిలిపించి, ఊళ్ళోనే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పించాడు. మర్నాడే ఆపరేషన్ అన్నారు.

మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఆపరేషన్ గది బయటికే వచ్చి చూసింది. చిన్న వయసు, నోటికి గుడ్డ, కళ్ళలో హడావుడి. బీపీ ఉందా అంది. ఎప్పుడు తిన్నారు అంది. పళ్ళేమైనా కదులుతున్నాయా అంది.

“పళ్ళు గట్టివే గానీ అమ్మా, ఓ మాట. నాకు గర్భసంచి తీసినప్పుడు కూడా మత్తిచ్చినారు. అప్పుడు మెలకువొచ్చినాక రెండ్రోజులు నాను మనిషిని కాను. ఏటేటో—”

“అమ్మా, అది ఎప్పటి మాటో,” అన్నాడు ఫణిభూషణ్. “డాక్టరుగారికి లేటయిపోతాది. నువ్వు ఊరుకో. ఆవిడికి తెలీదేటి?”

డాక్టరమ్మ అప్పటికే లోపలికి తిరిగింది. ఒక ఆయా వచ్చి సత్యభామ కళ్ళజోడు తీసింది. చెవి మిషను తీసింది. రెండూ తువ్వాల్లో చుట్టి ఫణిభూషణ్ చేతికిచ్చింది. అతను వాటిని భార్య నాగశ్రీ సంచిలో పడేశాడు.

మెలకువ వచ్చాక సత్యభామకి కనిపించింది సముద్రం. చిన్నప్పుడు మాఘస్నానానికి వాళ్ళ నాన్న మార్కండి అనే ఊరి ఒడ్డుకి తీసుకెళ్ళేవాడు. ఆ ఒడ్డు మీద, ఆరబెట్టిన వలల మధ్య తను పడుకుని ఉంది. తల మీద తెల్లటి ఆకాశంలో చీమలు బారులు తీరి పాకుతున్నాయి. ఎవరో మనుషులు, ముఖాలు లేనివాళ్ళు, వంగి ఏదో అంటున్నారు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. చేతికి ఏదో గుచ్చుకుని ఉంటే పీకేసింది. మళ్ళీ గుచ్చారు. మళ్ళీ పీకింది. అప్పుడు వల తీసుకొచ్చి తన మీద వేశారు. చేతులు కదలలేదు. గొంతు పోయేలా అరిచింది.

నిజానికి అది వల కాదు. పైపులు లాగేస్తోందని, గాజుగుడ్డతో ఆవిడ రెండు చేతులూ మంచం కమ్మీలకి కట్టేశారు. అరుస్తోందని నిద్రసూది ఇచ్చారు. అది దిగాక ఇంకా ఎక్కువ అరిచింది. అంతకుముందు, కొడుకుని చూసి చచ్చిపోయిన తన మరిది పేరు పెట్టి పిలిచింది. అతను నీళ్ళు తాగించబోతే చెంప మీద కొట్టింది. చేతులు కట్టింది ఆ తర్వాతే.

కూతురు ప్రమోద భంజనగర్‌లో ఉంటుంది. ఫోన్‌లో తమ్ముడు “అమ్మ కొంచెం తేడాగా ఉన్నాది” అనగానే పొద్దున బస్సుకి బయలుదేరి వచ్చింది. వార్డులోకి వచ్చి మంచం చూసి అక్కడే నిలబడిపోయింది. తల్లి మణికట్లు రెండూ ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి.

“ఎవరు కట్టినార్రా?”

“పైపులు లాగేస్తున్నాది అక్కా. నన్ను కొట్టినాది తెల్సా?”

“కొడితే సచ్చిపోనావేటి?” అంటూనే ముళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఆయా పరుగున వచ్చి ఒడియాలో వద్దు వద్దంది. ప్రమోద ఆవిడ వైపు చూడనైనా చూడలేదు. “కళ్ళజోడేదిరా అమ్మది? సెవి మిషనేది?”

ఫణిభూషణ్ నాగశ్రీ వైపు చూశాడు. నాగశ్రీ సంచిలో చెయ్యి పెట్టి తువ్వాలు తీసింది. ఆపరేషన్ నాడు చుట్టింది చుట్టినట్టే ఉంది.

“ఇన్నాళ్ళూ ఈవిడికి సూపూ లేదు, ఇనికిడీ లేదు,” అంది ప్రమోద. “మీరందరూ నిలబడి, మాటలు సెప్తే ఇనడం లేదు, మనుషుల్ని గుర్తుపట్టడం లేదంటున్నారు.”

మిషను పెట్టాక, కళ్ళజోడు తగిలించాక సత్యభామ చాలాసేపు కూతురి ముఖంలోకి చూసింది.

“పెమోదా,” అంది. “నా మీద వలేసినారే.”

“తీసేసినానమ్మా.”

ఆ సాయంత్రం డ్యూటీ డాక్టరు వచ్చాడు. ముందురోజు ఆయనే ఆవిడని ఈ రోజు ఏ వారం, ఇది ఏ ఊరు అని గబగబా ఒడియాలో అడిగి, జవాబు సరిగ్గా రాలేదు కాబట్టి మతిమరుపేనని తేల్చేశాడు. ప్రమోద అడిగితే కూడా అదే మాట చెప్పాడు. “ఇది మతిమరుపు జబ్బు. లోపల ముందు నుంచే ఉండి ఉంటుంది. ఇప్పుడు బయటపడింది. వయసు కదా.” అంత తేలిగ్గా అనేసి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

ఫణిభూషణ్ మంచం పక్క స్టూలు మీద కూలబడ్డాడు. రెండు రాత్రులు నిద్ర లేదు, గడ్డం మాసింది. తల్లి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాడు.

“అక్కా, అమ్మ ఎల్లిపోనట్టే. మనిషి ఉన్నాది, లోపల ఎవరూ లేరు. పనిగది మూసీసి ఆడోళ్ళని పంపించీడమే. ఇంకెవరు సూస్తారు?”

సత్యభామ ప్రతి అక్షరం విన్నది. చెవిలో మిషను ఉంది కదా. లేచి కూర్చుని, నేనున్నానురా లోపల, అని అరవాలనుకుంది. నోరు తెరిచింది. “మామిడికాయలు తడిసిపోతున్నాయి,” అని వచ్చింది నోట్లోంచి. ఫణిభూషణ్ అక్క వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించాడు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే ప్రమోద కొంగుతో తుడిచింది.

ఇంటికి వచ్చాక తలలోని పొగమంచు మెల్లగా వీడింది. ముందు చీమలు పోయాయి. తర్వాత కొడుకులో మరిది కనిపించడం మానేశాడు. పగలు పగల్లా, రాత్రి రాత్రిలా కనిపించడం మొదలుపెట్టింది. ప్రమోద పక్కనే ఉండి పేరు పెట్టి పిలుస్తూ, పూటపూటకీ ఎక్కడున్నావో చెబుతూ, పగలు నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టింది. తల్లి మాట నిలకడగా వచ్చాక, పిల్లల బడి ఉందని భంజనగర్ వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు సత్యభామ వాకర్ పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళింది. పనిగదికి తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే అప్పడాల పీటలు గోడకి చేరగిలేసి ఉన్నాయి. వాటి ముందు అట్టపెట్టెలు, ఫణి షాపులకి వెయ్యడానికి తెచ్చిన ఏదో కంపెనీ పొట్లాలు, కప్పు దాకా. అప్పడాలు ఒత్తే కూర్మమ్మ లేదు. మిగతావాళ్ళూ లేరు.

“వాళ్ళేరే?” అని నాగశ్రీని అడిగింది.

“మీకు రెస్టు కావాలని, ఆయనే వద్దన్నారత్తయ్యా.”

“నన్నడిగినాడేటి?”

నాగశ్రీ గుమ్మం దగ్గర నీలకంఠం గొంతు వినిపించి అటు వెళ్ళింది. నీలకంఠం గేట్ బజార్లో పెద్ద షాపతను, సత్యభామకి వరసకి మరిది. పరామర్శకి వచ్చాడు. వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుని, నాగశ్రీని అడిగాడు: “ఎలాగున్నాది మా వొదిన? తింటున్నాదా? మనుషుల్ని పోల్చుకుంటున్నాదా?”

“నీలకంఠం,” అంది సత్యభామ, “నాను ఇక్కడే ఉన్నాను.”

“ఉన్నావు వొదినా, ఉన్నావు, ఎక్కడికెల్తావు,” అని చంటిపిల్లకి చెప్పినట్టు నవ్వుతూ చెప్పి, ఆవిడ చెయ్యి తట్టాడు. ఆ తట్టడం చెంపదెబ్బలా తగిలింది. ఒకప్పుడు తన ఇంటి పెళ్ళిలో పప్పు మాడితే ఎవరిని తిట్టాలో ఆవిడని అడిగి వెళ్ళిన మనిషే ఇతను. ఫణి బజారంతా ఏం చెప్పాడో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

కోపం ఒక్కటే అయితే సులువుగా ఉండేది. కోపం కింద భయం ఉంది. ఆ వారమే పాలు పెట్టి గ్యాసు సంగతి మర్చిపోయింది. గిన్నె నల్లగా మాడింది. పిండి జల్లించే వస్తువు చేతిలో పట్టుకుని దాని పేరు దొరక్క నిలబడిపోయింది. ‘జల్లెడ’ అన్న మాట సాయంత్రానికి గానీ రాలేదు. ఇంగువ డబ్బా మూత తీసి, ఎంత వెయ్యాలని చేతిని అడిగితే చెయ్యి ఏమీ చెప్పలేదు. మూత మళ్ళీ పెట్టేసింది. వీళ్ళనేదే నిజమేమో అని ఒక్క క్షణం అనిపించి, వాళ్ళ మీద ఇంకా మండింది.

ఒక రోజు భోజనాల దగ్గర ఫణిభూషణ్ ఆవిడ కంచంలో అన్నం తనే కలిపి పెట్టబోయాడు. ఆవిడ అతని చెయ్యి పక్కకి నెట్టింది.

“అమ్మ ఎల్లిపోనట్టే. మనిషి ఉన్నాది, లోపల ఎవరూ లేరు. ఎవరన్నారు రా ఈ మాట?”

అతని చెయ్యి గాలిలోనే ఆగింది.

“అమ్మా…”

“స్టూలు మీద కూకున్నావు. కుడిచేత్తో మొహం రుద్దుకున్నావు. పనిగది మూసీమన్నావు. నాను నిద్రోలేదు.”

“డాక్టరు సెప్పినాడమ్మా. నాకేటి తెల్సు? నువ్వు నన్ను సచ్చిపోన బాబాయ్ అనుకున్నావు. నన్ను కొట్టినావు. నాకు… నాకు బయమేసీసింది.”

“బయమేస్తే అమ్మ దగ్గర కూకుంటారు. తాళం ఎయ్యరు. ఆపరేషన్ గది కాడ సెప్పబోతే ఊరుకోమన్నావు. అక్కడ నోరు మూసినావు. ఆస్పత్రిలో సేతులు కట్టినావు. ఇంటికొచ్చినాక బతుకుకే తాళమేసినావు. ఇంకేటి మిగిలింది రా నాకు?”

ఫణిభూషణ్ కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి తాళంచెవి తల్లి పక్కన పెట్టాడు. ఆవిడ దాన్ని తీసుకుంది గానీ అతని వైపు చూడలేదు. తాళంచెవితో తీరే కోపం కాదది.

ప్రమోదని మళ్ళీ పిలిపించింది. “ఆ డాక్టరమ్మ కాడికి తీసుకెల్లు,” అంది. “నా బుర్రలో ఏటి పోసిందో అడగాల.”

డాక్టరమ్మ పేరు సాయిపద్మ. తలుపు మీద పేరు చూశాక, ఈవిడ తెలుగావిడే, ఆ రోజు తన మాట అర్థమయ్యే ఉండాలి అని సత్యభామకి ఇంకొంచెం కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి కూర్చుని, ముందూ వెనకా లేకుండా అడిగింది.

“నీ మత్తు వల్లే నాకు మతి పోయిందా?”

సాయిపద్మ ముందు కొంచెం బిగుసుకుంది. “మత్తు సరిగ్గానే ఇచ్చామండీ. ఆపరేషన్ బాగా జరిగింది.”

“కాలు బానే ఉన్నాది. నడిచే వొచ్చినాను. నాను తల గురించి అడుగుతున్నాను.”

సాయిపద్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. “మీకు వచ్చినదాన్ని డెలీరియం అంటారమ్మా. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో చాలామందికి వస్తుంది. మత్తు ఒక్కదాని వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఎముక విరగడం, నొప్పి, నిద్ర లేకపోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, కొన్ని మందులు… అన్నీ కలిసి మెదడుని తిప్పేస్తాయి. పూర్తి మత్తు కాకుండా నడుముకి సూది ఇచ్చి చేసినా, వచ్చేవాళ్ళకి వస్తుంది.”

“అది తగ్గిపోనాది. ఇప్పుడు మాటలు దొరకడం లేదు. ఇంగువెంత ఎయ్యాలో గుర్తు లేదు.”

“అది నెలల తరబడి ఉండొచ్చు. ఎక్కువమందికి తగ్గుతుంది. కొంతమందికి కొంత మిగిలిపోతుంది. మీకేమవుతుందో ఇప్పుడే నేను చెప్పలేను.”

“మరి మతిమరుపు జబ్బని ఆ డాక్టరు?”

“తికమకలో ఉన్న మనిషిని నాలుగు ప్రశ్నలడిగి ఆ మాట అనకూడదు. అందులోనూ చెవి మిషను లేకుండా. అది తప్పు. కొన్ని నెలలాగి, స్థిమితంగా కూర్చోబెట్టి చూడాలి. అప్పటికీ మరుపు పెరుగుతూ ఉంటే అప్పుడు ఆలోచించాలి.”

“నాకు ముందు ఆపరేషన్ అప్పుడు కూడా ఇలాగే అయింది. తలుపు కాడ సెప్పబోయినాను. నువ్వెనక్కి తిరిగిపోనావు.”

సాయిపద్మ పెన్ను పక్కకి జరిపింది.

“తెలిసుంటే ఏటి సేద్దువు?”

“మత్తు ఎంత లోతుగా వెళ్తోందో ఇంకా దగ్గరగా చూసుకునేదాన్ని. ఆ నిద్రసూదులు వద్దనేదాన్ని. మెలకువ రాగానే కళ్ళజోడు, మిషను పెట్టమనేదాన్ని. ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టి, చేతులు కట్టొద్దని చెప్పేదాన్ని. అయినా రాకుండా ఉంటుందని కాదమ్మా. ఇంత పాడుగా ఉండేది కాదేమో.”

“నువ్వు నా పళ్ళు కదులుతున్నాయా అని అడిగినావు,” అంది సత్యభామ. “పళ్ళు ఊడితే కట్టించుకుంటాం. బుర్ర గురించి ఒక్క ముక్క అడగలేదు.”

“అడగాల్సింది,” అంది సాయిపద్మ. “అడగలేదు.”

ఆవిడ బుకాయిస్తే సత్యభామ దగ్గర ఇంకా చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. అలా ఒప్పేసుకునేసరికి ఎక్కడ పెట్టాలో తెలీక ఆ కోపాన్ని అలాగే మోసుకుని మెట్లు దిగింది. దిగుతూ కూతురితో, “తప్పంతా నాదే అన్నా బావుండును, నాది కాదన్నా బావుండును. తిట్టడానికి లేకుండా సేసీసింది,” అంది.

ఇంటికి వచ్చి కొడుకుని పిలిచింది.

“ఆటో పిలు. గేట్ బజారెల్లాల. ఏయే షాపులోళ్ళకి నాకు మతి పోయిందని సెప్పినావో, ఆ షాపులన్నిటికీ.”

“అమ్మా, నాను ఫోన్ సేసి సెప్తాను.”

“అప్పుడు ఫోన్‌లో సెప్పినావా? నిలబడి సెప్పినావు. ఇప్పుడూ నిలబడే సెప్పు.”

నీలకంఠం షాపులో అప్పుడే జనం ఎక్కువగా ఉన్నారు. బస్తాల మధ్య నుంచి వాకర్ పోదు. ఫణిభూషణ్ బస్తాలు జరిపి దారి చేశాడు. సత్యభామ బల్ల ముందు నిలబడి కొడుకు వైపు చూసింది. అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“బాబాయ్, అమ్మకి మతి పోయిందని సెప్పినాను కదా. అది తప్పు. ఆపరేషన్ అయినాక తికమక వొచ్చినాది, పోనాది. ఇంకా కొన్ని మాటలు మర్సిపోతున్నాది. అంతే. పని మళ్ళీ మొదలెడతున్నాం.”

కొనడానికి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. నీలకంఠం ముఖం ఎర్రబడింది. “అలాగే వొదినా. మంచిదే కదా,” అన్నాడు. ఈసారి చెయ్యి తట్టలేదు. కుర్చీ వెయ్యమని కేకేశాడు. ఆవిడ కూర్చోలేదు.

తర్వాతి షాపులో కూడా ఫణిభూషణ్ అదే చెప్పాడు. గొంతు కొంచెం తేలికైంది. ఆ పక్క సందులో మూడో షాపు. బల్ల వెనక మనిషి లేచి నమస్కారం పెట్టాడు. ఇరవై ఏళ్ళ నుంచి సరుకు తీసుకుంటున్నవాడు. అతని కూతురి పెళ్ళికి ఊరగాయలన్నీ సత్యభామే పెట్టింది. ఆవిడ నోరు తెరిచింది. పేరు లేదు. ఆ ముఖం ఉంది, ఆ పెళ్ళి ఉంది, పేరుండాల్సిన చోట ఏమీ లేదు.

ఫణిభూషణ్ పేరు అందివ్వడానికి నోరు తెరిచాడు. తల్లి అతని వైపు తిరిగింది. అతను నోరు మూసుకున్నాడు.

“నీ పేరు నాకు గుర్తు రావడం లేదు,” అంది సత్యభామ. “నీ కూతురి పెళ్ళి గుర్తుంది. పేరే రావడం లేదు. సెప్పు.”

“ధర్మలింగం అమ్మా,” అన్నాడతను.

“ధర్మలింగం. వొచ్చే నెల నుంచి మినప్పడాలు పంపుతాను. ముందు తక్కువే తీసుకో. తేడా ఉంటే నాకు సెప్పు. వీడికి కాదు, నాకు.”

“అలాగేనమ్మా. మీకే సెప్తాను.”

ఆటోలో ఫణిభూషణ్ అడిగాడు. “ఇంకా కోపమేనా అమ్మా?”

“కోపమే.”

“ఎన్నాళ్ళు?”

“నాకేటి తెల్సు? పోయినాక సెప్తాను.”

అట్టపెట్టెలు గదిలోంచి వెళ్ళిపోయాయి. కూర్మమ్మ వచ్చింది, ఇంకో ఇద్దరు వచ్చారు. మిగతావాళ్ళు అప్పటికే వేరే పనుల్లో కుదిరిపోయారు. మొదటి వాయి అప్పడాలు వేయించి నోట్లో పెట్టుకున్న కూర్మమ్మ ముఖం చిట్లించింది. “ఇంగువ సేదెక్కిపోనాదమ్మగోరూ,” అంది. సత్యభామ ఆ పిండంతా పారబోయించి, ఎవరినో తెలీకుండా తిడుతూ మళ్ళీ కలిపింది. రెండోసారి ఉప్పు తగ్గింది. ఇప్పుడు ప్రతి వాయికీ ముందు ఒక్క అప్పడం వేయించి, కూర్మమ్మ చేత తినిపించి గానీ మిగతావి ఒత్తనివ్వడం లేదు. ఊరగాయల పని మాత్రం ఈ ఏడాదికి మానేసింది.

మాటలు కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని రాలేదు. రాని మాట కోసం ఆగినప్పుడు ఇంట్లో ఎవరూ అందివ్వకూడదని ఆవిడ కట్టడి. నాగశ్రీ ఒకసారి మర్చిపోయి అందిస్తే, సత్యభామ సాయంత్రం దాకా కోడలితో మాట్లాడలేదు.